ఫాంటసీ లోకాలు కట్టడం – 6వ పాఠం: అడవి ఎల్ఫుల సామ్రాజ్యం

పోయిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. మనం కడుతున్న ఊహాలోకపు అడవి మద్దికోనలో ఉన్న ఎల్ఫు గూడేలు (ఎల్ఫులంటే పాశ్చాత్య కథల్లో అడవుల్లో చాలాకాలం బతికే ఊహా జాతి) ఒక సామ్రాజ్యంగా ఎలా మారాయో ఒక పేజీలో రాయమన్నాను. మీరు పంపినవన్నీ చదివాను. ఈ పాఠంలో యుద్ధతంత్రం మొదలుపెట్టాల్సింది, కానీ దాన్ని పక్కన పెడుతున్నాను. ఎందుకంటే దాదాపు అందరూ ఒకే కథ రాశారు. ఒక వీరుడు పుట్టాడు, చుట్టుపక్కల గూడేలను ఓడించాడు, అన్నిటికంటే పెద్ద చెట్టు మీద రాజధాని కట్టాడు, లక్షమంది విలుకాళ్లను కూడగట్టాడు, ప్రజలు పన్నులు కట్టారు, సామ్రాజ్యం వెయ్యేళ్లు వర్ధిల్లింది.

ఈ కథలో చెట్టు తీసేసి కోట పెట్టి చూడండి. ఇంకే వాక్యమూ మార్చాల్సిన పని ఉండదు. అంటే మీరు రాసింది మైదానపు సామ్రాజ్యమే. అడవి అందులో రంగు తెర. ఇక్కడ సరిచేయకుండా ముందుకు వెళ్తే యుద్ధాలు, వర్తకం, మతం, అన్నీ ఇదే తప్పు మీద నిలబడతాయి. అందుకే ఈ పాఠమంతా మీ పేజీల్లోని ఆ ఆరు వాక్యాల గురించే. ఎల్ఫులు ఎలా ఉంటారు, చెవులు, విల్లు, పాటలు, ఇవన్నీ మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను.

లక్షమంది ఏం తింటారు?

మైదానంలో రాజ్యం ఎందుకు తేలిగ్గా పుడుతుందో ముందు గమనించండి. వరి గానీ, జొన్న గానీ, పంట ఒకేసారి కోతకు వస్తుంది. కళ్లంలో కుప్పగా పడుతుంది. దాన్ని కొలవచ్చు, బండికెత్తచ్చు, ఏడాది పాటు గాదెలో దాచచ్చు. రాజుగారి మనిషి కోతల రోజుల్లో వచ్చి కళ్లం పక్కన నిలబడితే చాలు. కాకతీయులు చెరువులు తవ్వించినా, విజయనగర రాయలు నాయకులకు అమరం భూములిచ్చి బదులుగా సైన్యాన్ని పోషించమన్నా, ఆ ఏర్పాటంతా కొలవగలిగే ధాన్యం మీదే నడిచింది.

అడవిలో ఆ వీలు లేదు. తేనె ఒక నెల, ఇప్పపువ్వు ఇంకో నెల, దుంపలు ఒక వాలులో, ఉసిరి మరో వాలులో, మాంసం దొరికిన రోజు. ఏదీ ఒకచోట కుప్పగా పడదు. చాలావాటిని నిలవ పెట్టలేం. పన్ను వసూలుకి మనిషి వస్తున్నాడని తెలిస్తే గూడెం మొత్తం నాలుగు రోజులు ఎగువకి వెళ్లి కూర్చుంటుంది. వాడు ఖాళీ గుడిసెలు చూసి వెనక్కి పోతాడు.

ఇక జనాభా. వేట, సేకరణ మీదే బతికేవాళ్లు సాధారణంగా చదరపు కిలోమీటరుకి ఒకరి కంటే తక్కువే ఉంటారు. మనం ఉదారంగా ఒకరు అనే అనుకుందాం. విభజనకు ముందున్న ఉమ్మడి చిత్తూరు జిల్లా వైశాల్యం 15 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. కుప్పం నుంచి శ్రీకాళహస్తి దాకా ఒక్క పొలం, ఒక్క ఊరు లేకుండా మొత్తం దట్టమైన అడవే అనుకున్నా, అందులో బతికేది 15 వేలమంది ఎల్ఫులు. చంటిపిల్లలతో, ముసలివాళ్లతో కలిపి. తిరుమలలో మామూలు రోజున దర్శనం చేసుకునేవాళ్లే 60 వేలకు పైగా ఉంటారు. మీ సామ్రాజ్యం మొత్తం అందులో నాలుగో వంతు. లక్షమంది విలుకాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

దీనికి ఒక మంచి దారి ఉంది. అడవినే తోటగా మార్చడం. చూసేవాడికి అది అడవిలాగే కనిపిస్తుంది, కానీ ప్రతి చెట్టూ ఎవరో నాటిందే. అమెజాన్ అడవుల్లో పాత జనావాసాల దగ్గర బ్రెజిల్ నట్ చెట్లు గుంపులుగా కనిపిస్తాయి. మాయా ప్రజలు వాన అడవిలో తిండి చెట్లను ఇళ్ల చుట్టూ పెంచుకుంటూ నగరాలు కట్టారు. న్యూగినీలో సాగో తాళజాతి చెట్టు మాను చీల్చితే ఒక్కదాని నుంచే వంద కిలోలకు పైగా పిండి వస్తుంది. (మన కొట్లలో దొరికే సగ్గుబియ్యం కర్రపెండలంతో చేసింది, అది వేరు.) మీ ఎల్ఫులకు పనస, ఇప్ప, ఏదో ఒక పిండి చెట్టు, నీడలో పెరిగే దుంపలు ఇవ్వండి. జనాభా పదింతలు పెంచుకోవచ్చు. లక్షన్నర. అందులోంచి తిండి సంపాదన పని వదిలి కాపలాకి, రాయబారానికి పంపగలిగేది కొన్ని వేలమందిని. నాకు ఆ సంఖ్య చాలా నచ్చుతుంది. కొన్ని వేలమందితో సామ్రాజ్యం నడపాలంటే తెలివి కావాలి, కథకి పనికొచ్చేది ఆ తెలివే.

ఒక మాట. ఎల్ఫులు చెట్టును ఎప్పుడూ కొట్టరని మీలో చాలామంది నియమం పెట్టుకున్నారు. తోట పెంచేవాడు కొట్టక తప్పదు. ఏది ఉంచాలో, ఏది తీయాలో తెలిసినవాడే తోటమాలి. ఆ నియమం తీసేయండి.

ఉప్పు ప్రశ్న

ఏ లోకం మొదలుపెట్టినా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: ఇక్కడ ఏది దొరకదు? ఉన్నవాటి జాబితా రాస్తూ కూర్చోవద్దు, అది ఎప్పటికీ తెగదు. లేనిది ఒక్కటి దొరికితే రాజకీయం దానంతట అదే బయటికి వస్తుంది.

సముద్రానికి దూరంగా ఉన్న అడవిలో దొరకనిది ఉప్పు. మాంసమే ఎక్కువగా తినేవాళ్లకు రక్తమాంసాల్లోంచి కొంత అందుతుంది. దుంపలు, పండ్లు, పిండి మీద బతికేవాళ్లకు బయటి నుంచి రావాల్సిందే. జింకలు, ఏనుగులు ఉప్పు మట్టిని వెతుక్కుంటూ వెళ్లి నాకేది ఇందుకే. అంటే పైన మనం తోట ఇచ్చి ఎల్ఫుల జనాభా పెంచినప్పుడే వాళ్లకు ఉప్పు కొరతనూ పెంచాం.

తిరుపతి నుంచి మదనపల్లె వెళ్లే బస్సులో భాకరాపేట కనుమ ఎక్కేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని చూడండి. రెండు పక్కలా కొండ, మధ్యలో దారి. ఇప్పుడు ఆ రోడ్డు తీసేయండి. నెల్లూరు తీరంలో పండిన ఉప్పు మూటలు పడమటి అడవిలోకి చేరాలంటే అలాంటి కనుమ ఒక్కటే ఉందనుకోండి. కనుమ మొదట్లో ఒక గూడెం. వాళ్లు వీరులు కానక్కర్లేదు. విల్లు సరిగ్గా పట్టడం రాకపోయినా పర్వాలేదు. మిగతా గూడేలన్నీ ఏడాదికి ఒకసారి వాళ్ల దగ్గరికి రావాలి, అంతే చాలు.

మొదట్లో ఇది వట్టి సంత. తేనె, లక్క, సాంబ్రాణి ఇచ్చి ఉప్పు తీసుకుపోతారు. కొన్నాళ్లకు కనుమ గూడెం పెద్దమ్మ, "మీ రెండు గూడేల తగాదా తేలేదాకా ఇద్దరికీ ఉప్పు లేదు" అంటుంది. తగాదా తేలుతుంది. ఆ రోజు ఆమె న్యాయాధికారి అయింది. ఇంకొన్నాళ్లకు, "ఉప్పు మోయడానికి, దారి కాయడానికి గూడేనికి ఒక కుర్రవాణ్ని పంపండి" అంటుంది. ఆ రోజు ఆమెకు సైన్యం వచ్చింది. ఎవరూ ఎవర్నీ ఓడించలేదు. సామ్రాజ్యం పునాది పడిపోయింది.

ఇది ఊహ మాత్రమే అనుకోకండి. ఉత్తర అమెరికా ఈశాన్యపు అడవుల్లో ఐదు జాతులు కలిసి హోడెనోషోనీ అనే కూటమి కట్టుకున్నాయి. ఇరోక్వాయ్ అన్న పేరుతో ఎక్కువమందికి తెలుసు. 1722లో టస్కరోరాలు చేరి ఆరు అయ్యాయి. వాళ్లకు రాజు లేడు. ఒనొండాగా అనే చోట మహాసభ కూర్చునేది. సభలో కూర్చునే పెద్దలను ఎంచేది, మాట తప్పితే తీసేసేది వంశాల పెద్దమ్మలు. ఆ అడవిలో లేనివి తుపాకులు, ఇనుప సామాను. అవి యూరోపియన్ల దగ్గర ఉన్నాయి, బదులుగా వాళ్లు అడిగింది బీవర్ అనే నీటి జంతువు తోళ్లు. 17వ శతాబ్దంలో తమ నేలలో బీవర్లు తగ్గిపోతుంటే కూటమి పొరుగువాళ్ల మీదికి వెళ్లింది. 1649లో హ్యురాన్లనే పొరుగు జాతి ఊళ్లు చెదిరిపోయాయి. పట్టుకొచ్చిన వాళ్లలో చాలామందిని చనిపోయిన తమవాళ్ల స్థానంలో దత్తత చేసుకుని కుటుంబాల్లో కలిపేసుకున్నారు. అడవి జనం బయటికి ఎందుకు కదులుతారో, జనం తక్కువైన చోట ఓడినవాళ్లను ఏం చేస్తారో, రెండూ ఇందులో ఉన్నాయి. మీ పేజీల్లో ఓడిన గూడేలవాళ్లు ఏమయ్యారో ఒక్కరూ రాయలేదు.

ఇప్పటి ఘానాలోని ఆషాంటీ రాజ్యం ఇంకో ఉదాహరణ. అదీ అడవిలో పుట్టిందే, 1700 ప్రాంతంలో ఒసేయ్ టుటు కాలంలో. దాని బలం బంగారం, కోలా కాయలు, రాజధాని కుమాసీ నుంచి నలువైపులా వెళ్లే దారులు. విడివిడిగా ఉన్న చిన్న రాజ్యాలను కలిపి ఉంచింది ఒక బంగారు పీట. దాని మీద రాజు కూడా కూర్చోడు. జాతి ప్రాణం అందులో ఉందని నమ్మకం. ఏటా ఒడ్విరా పండగకి సామంతులంతా కుమాసీకి వచ్చి విధేయత చూపించాల్సి వచ్చేది. రానివాడు తిరగబడ్డట్టే. అడవిలో ఎవరు మనవాళ్లో, ఎవరు కాదో తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన పద్ధతి నాకు కనిపించలేదు. నా ప్రతి అడవి రాజ్యంలోనూ ఇలాంటి పండగ ఒకటి పెడతాను.

ఇక్కడ మీకు గట్టిగా చెప్పాల్సింది ఒకటి. మన కొండల్లో యానాదులు ఉన్నారు, ఉత్తరాన నల్లమలలో చెంచులు ఉన్నారు. వాళ్ల వేషభాషలు, దేవుళ్లను తీసుకొచ్చి ఎల్ఫులకు తొడగవద్దు. వాళ్లు మన ఇరుగుపొరుగు. చరిత్ర నుంచి మనం తీసుకునేది పనిచేసే పద్ధతి: సభ ఎలా కూర్చుంటుంది, ఉప్పు ఎలా వస్తుంది, ఓడినవాళ్లు ఏమవుతారు. మనుషుల్ని కాదు.

కొండ కింద ఊళ్లు

ఎల్ఫులు ఎల్ఫులనే ఏలితే అది కూటమి. కొండ దిగువన మనుషుల ఊళ్లు కూడా వాళ్ల మాట వింటేనే సామ్రాజ్యం. కొన్ని వేలమంది ఎల్ఫులు మైదానంలోకి దిగి నిలబడలేరు, గుర్రపు దళం ఒక్క పూటలో తొక్కేస్తుంది. మరి ఎలా ఏలుతారు?

ఒకటి నీళ్లు. కల్యాణి డ్యాం ఎక్కడుందో చూడండి, స్వర్ణముఖిలోకి నీళ్లు ఏ కొండల నుంచి దిగుతున్నాయో చూడండి. పైన వాగు మళ్లిస్తే కింద చెరువు ఎండుతుంది. ఎల్ఫులు ఆ పని ఒక్కసారి చేసి చూపిస్తే చాలు, ఆ తర్వాత వందేళ్లు చేయక్కర్లేదు.

రెండోది కావలి. మన పాలెగాళ్ల చరిత్ర చదివినవాళ్లకు ఇది తెలుసు. కొండ అంచున, అడవి ఆసరాగా ఉన్న పాలెగాడు దిగువ ఊళ్లకు కాపలా కాస్తానని ఏటా కావలి కట్నం తీసుకునేవాడు. ఇవ్వని ఊరికి దొంగల భయం. ఆ దొంగలు ఎవరి మనుషులో అందరికీ తెలుసు. ఊరి భూమి ఊరిదే, పంట రైతుదే, కాపలా మాత్రం అడవిది. చిత్తూరు చుట్టుపక్కల పాలెంలను లొంగదీయడానికి 1804–05లో కంపెనీ సైన్యాన్నే దించాల్సి వచ్చింది. మీ ఎల్ఫులకు ఈ పద్ధతి అచ్చంగా సరిపోతుంది. పైన తిండి లెక్క చేశాం కదా, ఆ కట్నం ధాన్యంగా వస్తే ఎల్ఫుల కడుపులు మైదానం నుంచే నిండుతాయి.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. నాటడం. ఆముక్తమాల్యదలోని రాజనీతి పద్యాల్లో కృష్ణదేవరాయలు సరిహద్దు అడవుల్ని పెంచమని, రాజ్యం నడిమధ్య అడవుల్ని కొట్టేయమని చెబుతాడు. మైదానపు రాజుకి అడవి గోడ లాంటిది, బయట ఉండాలి. ఎల్ఫుల రాజనీతి దీన్ని తిరగేస్తుంది. వాళ్లకు అడవే రాజ్యం కాబట్టి అడవి ఎంతదాకా వస్తే రాజ్యం అంతదాకా వచ్చినట్టు. బీడు పడ్డ పొలం అంచున నాలుగు మొక్కలు. ఇరవై ఏళ్లకు తోపు. ఎర్రచందనంలో చేవ పట్టాలంటేనే దశాబ్దాలు కావాలి, మనిషికి అది ఒక జీవితం. ఎల్ఫుకి అది రెండు మూడు వానాకాలాలంత. ఊరివాళ్లు తమ తాత కాలంలో పొలిమేర ఎక్కడుందో మరిచిపోతారు. దండయాత్ర జరిగిపోయిందని వాళ్లకు తెలియదు.

ఏడు వందల ఏళ్ల అధికారి

ఇప్పుడు అసలు ఉచ్చు దగ్గరికి వచ్చాం. మీరందరూ ఎల్ఫులు ఏడెనిమిది వందల ఏళ్లు బతుకుతారని రాశారు. మంచిది. ఆ తర్వాతి వాక్యం నుంచి ఆ సంగతే మరిచిపోయారు. మీ ఎల్ఫు రాజు చనిపోతే కొడుకు వస్తాడు, మంత్రి ముసలివాడై తప్పుకుంటాడు, కొత్త తరం తిరగబడుతుంది, అన్నీ మనుషుల గడియారంతోనే జరుగుతున్నాయి. ఆయుష్షు అనేది చెవుల పొడవు లాంటి అలంకారం కాదు. అది ప్రభుత్వం నడిచే తీరునంతా మార్చేస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను పట్టు వదలను, కాబట్టి నెమ్మదిగా చెబుతాను.

భాకరాపేట కనుమకి ఒక ఎల్ఫు అధికారిని వేద్దాం. వందేళ్ల కుర్రవాడు. 1336లో, విజయనగరం మొదలైన ఏడాది, ఉద్యోగంలో చేరాడు. 1509లో కృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కినప్పుడు ఇతనే అధికారి. 1565లో తళ్లికోట యుద్ధం పోయి, విజయనగర రాజధాని పెనుకొండకి, తర్వాత అక్కణ్నుంచి చంద్రగిరికి మారినప్పుడు ఇతనే. 1639లో చంద్రగిరి ఏలుబడి కింద ఉన్న నాయకుడు ఇంగ్లీషువాళ్లకు మద్రాసు దగ్గర స్థలం రాసిచ్చినప్పుడు ఇతనే. 1782లో హైదర్ అలీ చిత్తూరు దగ్గర దండు విడిదిలో ప్రాణం విడిచినప్పుడు, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు, 2022లో అందులోంచి తిరుపతి జిల్లా విడిపోయినప్పుడు, అదే కనుమ, అదే ఎల్ఫు, అదే ఉద్యోగం. ఇంకా కొన్నేళ్ల సర్వీసు మిగిలి ఉంది.

ఇప్పుడు అతని కింద పనిచేసే అసిస్టెంటు గురించి ఆలోచించండి. వాడు 1400లో చేరాడు. తెలివైనవాడు, పనిమంతుడు. ఆరు వందల ఏళ్లుగా ఆ కుర్చీ ఖాళీ అవుతుందని చూస్తున్నాడు. వాడి వెనక ఇంకొకడు. ప్రతి కనుమ దగ్గర, ప్రతి సభలో, ప్రతి వాగు గట్టున ఇదే వరస. మనుషుల రాజ్యంలో చావు అనేది ప్రతి పాతికేళ్లకూ కుర్చీలు ఖాళీ చేస్తుంది. మనం దాన్ని గమనించం కానీ, వారసత్వం, పదోన్నతి, సంస్కరణ, అన్నీ ఆ ఖాళీల వల్లే జరుగుతున్నాయి. ఎల్ఫులకు ఆ సదుపాయం లేదు.

ఎల్ఫులు జ్ఞానులు, వాళ్లకు పదవి మీద ఆశ ఉండదు అని మీలో కొందరు ముందే జవాబు రాసి పెట్టారు. నేను ఒప్పుకోను. పదవి మీద ఆశ వేరు, చేతికి పని కావాలన్న ఆశ వేరు. మూడు వందల ఏళ్లు నేర్చుకున్న విద్యను వాడే చోటు లేని ఎల్ఫు ఎంత జ్ఞాని అయినా కుదురుగా ఉండలేడు. పైగా జ్ఞాని అయితే ఇంకా ఎక్కువ బాధపడతాడు.

సరే, ఈ ఒత్తిడి ఎటు పోతుంది? లోపల ఖాళీ లేదు కాబట్టి బయటికి పోతుంది. కొత్త కనుమ పట్టుకుంటే కొత్త అధికారి కావాలి. కొత్త వాగు కలుపుకుంటే కొత్త కావలివాడు కావాలి. మీ ఎల్ఫులు విస్తరించేది బంగారం కోసం కాదు, కీర్తి కోసం కాదు, రెండు వందల ఏళ్లుగా ఎదురుచూస్తున్న తమ పిల్లలకు చోటు కోసం. పునాది ఉప్పు వేస్తే, దాన్ని పొలిమేర దాటించింది ఇది. మైదానంలో ఏ సామ్రాజ్యానికీ ఈ కారణం ఇంత బలంగా ఉండదు. ఇది దొరికాక మీ కథలో వీరుడు పుట్టాల్సిన అవసరమే లేదు.

అదే ఆయుష్షు విస్తరణకి పగ్గం కూడా వేస్తుంది. ఎక్కువకాలం బతికే జీవులకు సాధారణంగా పిల్లలు తక్కువ. యుద్ధంలో వందమంది పోతే మనుషుల ఊరు ఒక తరంలో తేరుకుంటుంది. ఎల్ఫులకు శతాబ్దాలు పడుతుంది, పైగా పోయిన ప్రతివాడితో మూడు నాలుగు వందల ఏళ్ల అనుభవం పోతుంది. కాబట్టి వాళ్ల సేనాపతి యుద్ధం గెలిచి వచ్చినా సభ ముందు నిలబడి ఎంతమందిని పోగొట్టాడో చెప్పుకోవాలి. నీళ్లు, కావలి, నాటడం అని ఇందాక చెప్పిన మూడూ ఎవరి ప్రాణమూ తీయకుండా నడిచేవని గమనించారా?

ఇక ఒప్పందాలు. 1600లో ఒక ఎల్ఫు, దిగువ ఊరి పెద్ద ఒక రావిచెట్టు కింద మాట ఇచ్చుకున్నారనుకోండి, వాగు అవతల చెట్టు కొట్టకూడదని. ఇప్పటికి ఆ ఊళ్లో పదిహేడు తరాలు మారాయి. ఇప్పటి కుర్రవాడు గొడ్డలి పట్టుకెళ్తే ఎల్ఫు ఎదురొచ్చి, "నువ్వు మాట తప్పావు" అంటాడు. కుర్రవాడికి ఏ మాటో తెలియదు. ఎల్ఫు అబద్ధం ఆడటం లేదు, మాట తీసుకుంది తన చెవులతోనే. ఇద్దరూ నిజాయితీపరులే, అయినా రక్తం కళ్లచూస్తారు. తెలివైన ఎల్ఫు ప్రభుత్వానికి దీని కోసం ప్రత్యేకంగా ఒక శాఖ ఉండాలి. ప్రతి ఇరవై ఏళ్లకు ఊళ్లకు వెళ్లి, పాత ఒప్పందాలన్నీ కొత్తవాళ్లతో మళ్లీ పలికించే శాఖ. రాజు మారినప్పుడల్లా కాదు, మనుషుల తరం మారినప్పుడల్లా. ఎల్ఫులకు ఆ పని తెగ విసుగు, అందుకే పనికిరాని వాళ్లను అందులో వేస్తారు. పెద్ద యుద్ధం మొదలయ్యేది ఆ శాఖ అలసత్వం నుంచే. ఈ ఆలోచన ఎవరైనా వాడుకోవచ్చు, నేను వదిలేస్తున్నాను.

కుర్చీల సమస్యకి సామ్రాజ్యం లోపల కూడా ఒక మందు ఉంది. వంతులు. అస్సాంలో అహోం రాజులు వరి లోయల్లో పైక్ పద్ధతి నడిపారు. మగవాళ్లను నలుగురేసి జట్లు చేసి, ఒకడు రాజు కొలువులో పనిచేస్తుంటే మిగతావాళ్లు వాడి పొలం చూసేవాళ్లు. పన్ను డబ్బుగా కాకుండా పనిగా చెల్లేది. తర్వాతి కాలంలో నలుగురు ముగ్గురయ్యారు. మీ ఎల్ఫులకు ఒక కనుమని నలుగురికి ఇవ్వండి, ఒక్కొక్కరికి యాభై ఏళ్ల వంతు. మిగతా ముగ్గురు తోట చూసుకుంటారు. కోత కొలవలేని చోట పన్నుకి కూడా ఇదే జవాబు.

ఆజ్ఞలు ఎలా అందుతాయి, లెక్కలు ఎలా రాస్తారు అన్నది పెద్ద కష్టం కాదు. ఇంకాలు చక్రం లేకుండా, రాత లేకుండా పరుగు మనుషులతో, దారాల ముడులతో అంత పెద్ద రాజ్యం నడిపారు. ఆషాంటీలు డప్పుల మీద మాటలే పంపారు. ఏదో ఒకటి తీసుకోండి. మంత్రాలు మాత్రం వద్దు. పాలనలో మంత్రం పెడితే ఇప్పటిదాకా చెప్పిన ఒక్క చిక్కూ మిగలదు, చిక్కు లేకపోతే కథా మిగలదు. మంత్రం సంగతి తొమ్మిదో పాఠంలో వస్తుంది, అప్పటిదాకా ఆగండి.

పేర్ల గురించి కూడా ఒక ముక్క. అక్షరాల మధ్య కామాలు వేలాడే పేర్లు తెలుగులో చదవలేకపోతున్నాను. మద్ది, జాలారి, చండ్ర, ఏపి, మన కొండల్లో చెట్లకే ఎన్ని పేర్లున్నాయో చూడండి. పటం గీయడం రాదన్నవాళ్లకు నేను చేసే పని చెబుతాను: శేషాచలం పటాన్ని తలకిందులుగా తిప్పి, ఊళ్ల పేర్లు చెరిపేసి వాడతాను. కొండలు, వాగులు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి, చూసినవాళ్లెవరూ పోల్చుకోలేరు.

అభ్యాసం

ఈసారి కొంచెం కష్టం. ప్రయాగ స్తంభం మీది ప్రశస్తిలో సముద్రగుప్తుడు ఆటవిక రాజులందరినీ తన సేవకులుగా చేసుకున్నాడని చెక్కించారు. అశోకుడు తన పదమూడో శిలాశాసనంలో కళింగ యుద్ధానికి పశ్చాత్తాపం చెబుతూనే, అడవి జనానికి మాత్రం తన బలం గుర్తుచేస్తాడు. మన దగ్గరున్నవన్నీ మైదానం నుంచి అడవిని చూసిన శాసనాలు. మీరు అడవి నుంచి మైదానాన్ని చూసిన శాసనం రాయండి.

మద్దికోన సభ తరఫున రాయాలి. కొత్తగా లొంగిన దిగువ ఊళ్ల పేర్లు, ఒక్కొక్కటి ఎలా లొంగిందో (నీళ్లా, కావలా, నాటడమా), ఏటా ఏం తెచ్చి ఇవ్వాలో, మళ్లీ ఎప్పుడు ఒప్పందం పలకాలో ఉండాలి. చెక్కించిన అధికారి ఎంతకాలంగా ఆ పదవిలో ఉన్నాడో ఉండాలి. శాసనం రాతి మీద కాదు, బతికున్న చెట్టు బెరడు మీద. బెరడు పెరిగేకొద్దీ అక్షరాలు సాగుతాయి, కాబట్టి ముప్పై పంక్తులు దాటకూడదు.

అది అయ్యాక అదే ఊళ్లలో ఒక ఊరి కరణం అదే సంఘటన గురించి రాసుకున్న లెక్క ఒక పేజీ రాయండి. అందులో ఎల్ఫులు అన్న మాట రాకూడదు. కరణానికి తెలిసింది వాగు తగ్గిందని, పొలిమేర తోపు చిక్కబడిందని, కావలి కట్నం ఈ ఏడు రెండు పుట్లు పెరిగిందని మాత్రమే. రెండు కాగితాల్లోనూ తేదీలు, పరిమాణాలు సరిపోవాలి. నేను ముందు చూసేది అదే.

యుద్ధతంత్రం ఏడో పాఠంలో. దానికి ముందే మీ లోకంలో ఇనుము ఎవరి చేతిలో ఉందో తేల్చుకుని ఉండండి.